గుంటూరు, విజయవాడల్లో సైకోసిస్ జన్యు అధ్యయనం మొదలుపెట్టేవారికి

సైకోసిస్ అంటే వాస్తవంతో సంబంధం తెగిపోయే మానసిక స్థితి; అది కనిపించే జబ్బుల్లో ముఖ్యమైనది స్కిజోఫ్రేనియా. ఈ జబ్బు ఎవరికి వస్తుంది, ఎవరికి రాదు అన్న తేడాలో సుమారు 80 శాతం జన్యువులకు సంబంధించినదని కవలల అధ్యయనాలు అంచనా వేశాయి. 2022లో నేచర్ పత్రికలో వెలువడిన బృహత్తర అధ్యయనం 76,755 మంది రోగులను 2,43,649 మంది ఇతరులతో పోల్చి, ఈ వ్యాధితో ముడిపడిన 287 జన్యు స్థానాలను గుర్తించింది. అయితే ఆ నమూనాల్లో అత్యధికం ఐరోపా సంతతివారివి, ఆ తరువాతివి తూర్పు ఆసియావారివి. వాటితో తయారైన పాలీజెనిక్ స్కోరు, అంటే అనేక జన్యు మార్పులను కలిపి వేసే ముప్పు అంచనా, మనవారి విషయంలో అంత నమ్మకంగా పనిచేయదు. అందువల్ల గుంటూరు వైద్య కళాశాలలోనో, సిద్ధార్థలోనో, మంగళగిరి ఎయిమ్స్‌లోనో మానసిక వైద్యం చదువుతున్నవారు ఈ పనికి పూనుకోవడం ఎంతైనా అవసరం. ఎలా మొదలుపెట్టాలో ఇక్కడ వివరిస్తాను.

అన్నిటికంటే ముందు తేల్చుకోవలసింది రోగులను ఎవరితో పోల్చాలన్నది. ప్రభుత్వాసుపత్రి ఓ.పి.కి వచ్చే రోగులను ఒకవైపు, సులువుగా దొరుకుతారు కదా అని వైద్య విద్యార్థులను మరోవైపు పెడితే, చివరికి బయటపడేది వ్యాధికి సంబంధించిన తేడా కాదు, రెండు గుంపుల కులాల మధ్య ఉన్న తేడా. తరతరాలుగా కులంలోనే పెళ్ళిళ్ళు జరగడం వల్ల పక్కపక్క వీధుల్లో ఉండేవారి జన్యువుల్లో కూడా గుర్తించదగిన తేడాలు ఏర్పడ్డాయి. హైదరాబాదులోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు హార్వర్డ్ బృందంతో కలిసి 2009లో ప్రచురించిన పరిశోధన ఆంధ్ర వైశ్యులలో దీన్ని స్పష్టంగా చూపింది. మత్తుమందుతో పాటు కండరాలు సడలడానికి ఇచ్చే సక్సినైల్‌కోలిన్ వారిలో కొందరికి పడకపోవడానికి కారణమైన జన్యు మార్పు ఇలా ఒక సమూహంలో నిలిచిపోయినదే. కాబట్టి పోలిక కోసం తీసుకునేవారు రోగి కులానికి, ప్రాంతానికి, వయసుకు వీలైనంత దగ్గరగా ఉండాలి. రోగికి తోడుగా వచ్చిన బంధువుల పరిచయస్థులను, అదే ఊరివారిని అడగడం మంచి దారి. మిరప కోతలకు కర్నూలు వైపు నుంచి వలస వచ్చిన రోగికి తెనాలి మనిషిని జోడీగా పెట్టకూడదు; ప్రస్తుత చిరునామాతో పాటు తాతల ఊరు కూడా అడిగి రాసుకోవాలి.

మేనరికాల విషయం ఇంకా జాగ్రత్తగా చూడాలి. మేనమామను, మేనత్త కొడుకును పెళ్ళాడడం మన జిల్లాల్లో కొత్త కాదు గనుక మూడు తరాల వంశవృక్షం గీయకుండా నమూనా తీసుకోవద్దు. తల్లిదండ్రుల మధ్య చుట్టరికం ఉందా అని సూటిగా అడిగితే కొందరు లేదనేస్తారు. అమ్మ పుట్టింటివారి ఇంటిపేరు, నాయనమ్మ ఇంటిపేరు అడుగుతూ పోతే వరసలు వాటంతట అవే తెలిసిపోతాయి. ఈ చుట్టరికాన్ని లెక్కలోకి తీసుకునే గణాంక పద్ధతులు ఉన్నాయి కనుక అలాంటి కుటుంబాలను వదిలేయనక్కరలేదు. అరుదైన రిసెసివ్ మార్పులను (తల్లి నుంచీ తండ్రి నుంచీ వస్తేనే ప్రభావం చూపేవాటిని) వెతకడానికి వారే ఎక్కువ తోడ్పడతారు.

రోగ నిర్ధారణకు కేస్ షీటులో రాసిన ఒక్క మాట చాలదు. మినీ (మానసిక వ్యాధుల నిర్ధారణకు వాడే ప్రశ్నావళి) వంటి క్రమబద్ధమైన ఇంటర్వ్యూను తెలుగులో చేయాలి, గంజాయి, మద్యం వాడకాన్ని విడిగా నమోదు చేయాలి, లక్షణాలు ఎప్పుడు మొదలయ్యాయో ఇంట్లోవారిని కూడా అడగాలి. గాలి సోకిందని గుళ్ళూ దర్గాలూ తిరిగిన కాలాన్ని కుటుంబం జబ్బుగా లెక్కించకపోవచ్చు. ఆ కాలాన్ని చేర్చకపోతే వ్యాధి మొదలైన వయసు తప్పుగా నమోదవుతుంది.

సమ్మతి తీసుకోవడాన్ని సంతకంతో ముగిసే పనిగా చూడకూడదు. ఇథియోపియా, కెన్యా, ఉగాండా, దక్షిణాఫ్రికాల్లో సైకోసిస్ జన్యువులపై సాగిన న్యూరోగ్యాప్ అధ్యయనంలో, వివరాలు చెప్పిన తరువాత పాల్గొనేవారికి ఏం అర్థమైందో ప్రశ్నలు వేసి తెలుసుకున్నారు. మనమూ అలాగే, ‘మీ రక్తంతో మేమేం చేస్తామో మీ మాటల్లో చెప్పండమ్మా’, ‘మీరు వద్దంటే ఇక్కడ ఇచ్చే మందులు ఆగిపోతాయా?’ అని అడిగి, జవాబు సరిగా లేకపోతే మళ్ళీ ఓపికగా వివరించాలి. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017లోని 99వ సెక్షన్ ప్రకారం రోగి స్వేచ్ఛగా, తెలిసి ఇచ్చిన సమ్మతి తప్పనిసరి. సమ్మతి చెప్పే స్థితిలో లేని, అయినా ప్రతిఘటించని వ్యక్తిపై పరిశోధన చేయాలంటే రాష్ట్ర మానసిక ఆరోగ్య అథారిటీ అనుమతి పొందాలి. ఎథిక్స్ కమిటీ అనుమతి ఎలాగూ ఉండాలి. పెళ్ళికావలసిన పిల్లలున్న ఇంట్లో ‘వాళ్ళ వంశంలోనే ఉందట’ అన్న మాట ఎంత నష్టం చేస్తుందో ఇక్కడ పనిచేసే ప్రతి వైద్యుడికీ తెలుసు. అందుకే నమూనాలపై పేరు బదులు సంకేత సంఖ్య వేయాలి, బంధువులలో ఒకరు చెప్పింది మరొకరి ముందు ప్రస్తావించకూడదు, అచ్చం ఒకేలా ఉన్న కవలల్లో ఒకరికి ఈ వ్యాధి ఉన్నా రెండోవారికి వచ్చేది సుమారు సగం సందర్భాల్లోనే అన్న సంగతి కుటుంబానికి చెప్పాలి.

నమూనా సేకరణ తేలికే. రక్తమైతే గడ్డకట్టనివ్వని ఈడీటీఏ గొట్టంలో తీసి, ఎండాకాలంలో మరీ ముఖ్యంగా, వెంటనే చల్లని పెట్టెలో పెట్టాలి. లాలాజలమైతే అరగంట ముందు నుంచి తిండి, కిళ్ళీ, ఖైనీ, బీడీ ఏవీ ఉండకూడదు. సైకోసిస్ మందుల వల్ల వచ్చే వణుకు, బిగుతు తగ్గడానికి ఇచ్చే ట్రైహెక్సీఫెనిడిల్ వాడేవారికి నోరు ఎండిపోతుంది కనుక తొందరపెట్టకూడదు.

విశ్లేషణలో మన నమూనాలను పోల్చి చూసే ప్రామాణిక సమూహాన్ని ఎంచుకోవడం కీలకం. ప్రపంచంలోని పలు సమూహాల జన్యు సమాచారాన్ని సేకరించిన థౌజండ్ జీనోమ్స్‌లో 102 మంది తెలుగువారున్నారు, కానీ వారి నమూనాలు బ్రిటన్‌లో సేకరించినవి. అందువల్ల దానితో పాటు మన దేశవాసులపై సాగిన జీనోమ్ ఇండియా ప్రాజెక్టు సమాచారాన్ని కూడా కోరడం మేలు. విదేశీ సంస్థతో కలిసి పనిచేస్తే ఆరోగ్య మంత్రిత్వ శాఖ స్క్రీనింగ్ కమిటీ అనుమతి కావాలి. డీఎన్ఏ ఎక్కడ ఉంటుంది, స్థానిక వైద్యుల పేరు వ్యాసంలో ఉంటుందా అన్నవి ఒప్పందంలో ముందే రాయించుకోవాలి.

ఒక్కొక్కరికి విడిగా ఫలితం చెబుతారా లేదా అన్నది కూడా సమ్మతి పత్రంలోనే ఉండాలి. 22క్యూ11.2 తొలగింపు (22వ క్రోమోజోములో చిన్న ముక్క లేకపోవడం) వంటిది బయటపడితే, అది ఉన్నవారిలో సుమారు నలుగురిలో ఒకరికి సైకోసిస్ రావడమే కాదు, గుండె లోపాలు, కాల్షియం తగ్గిపోవడం కూడా ఉండవచ్చు. అలాంటి వ్యక్తిని ఏ గుండె వైద్యుడి దగ్గరికి, ఏ జన్యు సలహాదారు దగ్గరికి పంపాలో మొదటి నమూనా తీయకముందే వారితో మాట్లాడి నిర్ణయించుకోవాలి.