జెండా పుస్తకం చేయడం ఎలా?

కుట్టు లేకుండా, మడతల బలం మీదే నిలిచే పుస్తకాల్లో జెండా పుస్తకాన్ని మించినది నాకు కనిపించలేదు. మూసి ఉన్నప్పుడు మామూలు పుస్తకంలాగే ఉంటుంది. రెండు అట్టలను పట్టుకుని పక్కలకు లాగితే మాత్రం లోపలి కాగితపు జెండాలు ఒక వరుస కుడికి, ఒక వరుస ఎడమకు చప్పుడు చేస్తూ విచ్చుకుని, అంతవరకు ముక్కలుగా ఉన్న బొమ్మను ఒక్కసారిగా కూర్చి చూపిస్తాయి. ఈ నిర్మాణాన్ని 1970ల చివర్లో రూపొందించినది హెడీ కైల్. ఆమె బెర్లిన్‌లో పుట్టి, అమెరికాలో పుస్తక సంరక్షకురాలిగా పనిచేశారు. చూడటానికి సులువుగా ఉంటుంది కాబట్టి అందరూ జెండాల మీది బొమ్మలకు రోజులు వెచ్చించి, జెండాలు అంటుకునే మడతల కాగితాన్ని, అంటే వెన్నును, పది నిమిషాల్లో మడిచేస్తారు. నా దగ్గరికి మరమ్మతుకు వచ్చే జెండా పుస్తకాలన్నింటిలోనూ చెడేది ఆ వెన్నే.

కావలసినవి కొద్దిపాటివే. వెన్నుకు 160 జీఎస్ఎం (చదరపు మీటరుకు ఇన్ని గ్రాముల బరువు) కాగితం, జెండాలకు 220 జీఎస్ఎం గరుకు కాగితం, అట్టలకు 2 మిల్లీమీటర్ల మందం ఉన్న గ్రే బోర్డు అనే గట్టి అట్ట, దాని మీద అతికించడానికి కాలికో గుడ్డ, కట్టర్, ఉక్కు స్కేలు, ఫెవికాల్, మడతలు రుద్దడానికి బోన్ ఫోల్డర్ ఉంటే చాలు. బోన్ ఫోల్డర్ దొరకకపోతే స్టీలు చెంచా వెనకవైపుతో రుద్దవచ్చు. నున్నటి ఆర్ట్ పేపర్ వాడకూడదు, ఎందుకంటే దాని పైపూత మడత దగ్గర పగిలి తెల్లటి గీత పడుతుంది. రెండువైపులా అంటుకునే టేపును ఈ పనికి అసలు తలపెట్టకూడదు. మన ఎండలకు దాని జిగురు పక్కలకు కారి జెండాలను ఒకదానికొకటి అంటిస్తుంది.

వెన్నుకు 20 సెంటీమీటర్ల వెడల్పు, 15 సెంటీమీటర్ల ఎత్తు ఉన్న ముక్కను కోయాలి. జెండాలు 10 సెంటీమీటర్ల పొడవు, 4.8 సెంటీమీటర్ల ఎత్తుతో తొమ్మిది కావాలి. అట్టలు 15.6 సెంటీమీటర్ల ఎత్తు, 12 సెంటీమీటర్ల వెడల్పుతో రెండు కోసి గుడ్డ తొడిగి, బరువు కింద ఆరనివ్వాలి.

ఇక్కడి నుంచి తొందర పనికిరాదు. కాగితంలో పీచు ఒక దిక్కుగా పరుచుకుని ఉంటుంది. అచ్చు పనివారు గ్రెయిన్ అనేది దీన్నే. ఆ పీచు పుస్తకపు వెన్నుకు సమాంతరంగా, అంటే 15 సెంటీమీటర్ల ఎత్తు వెంట, నిలువుగా ఉండి తీరాలి. పీచుకు అడ్డంగా మడిస్తే మడత గీత గరుకుగరుకుగా వచ్చి, పుస్తకాన్ని పదిసార్లు తెరిచేసరికి చిట్లుతుంది. పైగా కాగితం తేమకు పీచు పొడవునా కాక అడ్డంగా ఉబ్బుతుంది కనుక వానాకాలంలో అలాంటి వెన్ను మెలితిరుగుతుంది. పీచు ఎటు ఉందో తెలుసుకోవడానికి కాగితాన్ని రెండు దిక్కులా మెల్లగా వంచి చూడాలి, ఎటు వంచితే తక్కువ ఎదురుతిరుగుతుందో ఆ వంపుకు సమాంతరంగా పీచు ఉన్నట్టు లెక్క. అనుమానం తీరకపోతే చిన్న ముక్కను ఒకవైపు తడిపితే అది గొట్టంలా చుట్టుకుంటుంది, ఆ గొట్టం పొడవే పీచు దిక్కు. ఏ4 కాగితంలో సాధారణంగా పీచు పొడవు వెంట ఉంటుంది. అందుచేత 20 సెంటీమీటర్లను కాగితం అడ్డం నుంచి, 15 సెంటీమీటర్లను పొడవు నుంచి తీసుకోవాలి. పొడవున్న వైపు నుంచే 20 కోయడం అందరూ చేసే పొరపాటు.

ఇక మడతలు. మనకు ఎనిమిది పట్టీలు, ఏడు మడతలు కావాలి. కాగితాన్ని సగానికి, ఆ సగాన్ని మళ్లీ సగానికి, దాన్ని మరోసారి సగానికి కలిపి మడిచేవారే ఎక్కువ. అలా మడిచినప్పుడు పై పొరలు లోపలి పొరలను చుట్టి రావాలి. ఈ కాగితం ఒక్కో పొర సుమారు 0.2 మిల్లీమీటర్ల మందం ఉంటుంది కాబట్టి చివరి మడతకు వచ్చేసరికి పట్టీలు ఒక్కొక్కటి ఒక్కో వెడల్పుకు చేరతాయి. స్కేలుతో గీతలు కొలిచి మడవడం ఇంకా చెడ్డది, గీత గీతకు అర మిల్లీమీటరు తేడా వచ్చినా ఏడో మడత దగ్గర అది కంటికి కనిపిస్తుంది. కొలతను కాగితానికే వదిలేసి, ఎప్పుడూ ఒక్క పొరనే మడవాలి, అంచును మడతకు, మడతను మడతకు చేర్చాలి.

ముందుగా ఎడమ అంచును కుడి అంచుకు చేర్చి నడిమి మడత వేసి విప్పాలి. తరువాత ఎడమ అంచును నడిమి మడత దాకా తెచ్చి మడిచి విప్పాలి, కుడి అంచునూ అలాగే చేయాలి. ఈ మూడూ ఒకే వైపుకు దిగిన పల్లపు మడతలు. ఇప్పుడు కాగితాన్ని వెనక్కి తిప్పితే అవే మిట్ట మడతలవుతాయి. ఎడమ మిట్టను రెండు వేళ్లతో పట్టుకుని ఎడమ అంచు మీదికి చేర్చి కింద పడిన పల్లాన్ని రుద్దాలి. ఆపైన ఎడమ మిట్టను నడిమి మిట్టకు, నడిమి మిట్టను కుడి మిట్టకు, కుడి మిట్టను కుడి అంచుకు ఇదే విధంగా చేర్చాలి. మూడు మిట్టలు, నాలుగు పల్లాలు వస్తాయి.

చేర్చిన అంచులు పైనా కిందా సరిగ్గా కలిశాయో లేదో చూడకుండా రుద్దకూడదు. ముందు మధ్యలో వేలితో నొక్కి, అక్కడి నుంచి రెండు చివరలకు మెల్లగా జరపాలి. మొదటిసారి తేలికగా, రెండోసారి గట్టిగా, మధ్యలో పలుచని కాగితం అడ్డం పెట్టి రుద్దాలి, లేకపోతే మడత మీద మెరుపు పడుతుంది. ఒకసారి తప్పు చోట పడిన మడతను పక్కకు జరపడం సాధ్యం కాదు. పాత గీత దగ్గరే కాగితం మళ్లీ విరుగుతుంది. మిల్లీమీటరు తప్పినా ఆ ముక్కను పారేసి కొత్తది కోయడమే నా పద్ధతి. కాగితం వృథా అనేవారికి నా జవాబు ఒక్కటే, వంకర వెన్నుకు అతికించిన తొమ్మిది బొమ్మలూ వృథాయే.

మడత పుస్తకాన్ని విదేశీ వింతగా చూసేవారు మన పాతకాలపు గుడ్డ లెక్కల పుస్తకమైన కడితాన్ని మరిచిపోతున్నారు. గుడ్డకు చింతగింజల జిగురులో కలిపిన బొగ్గుపొడి పూసి, ఆరాక మడతలు పెట్టి, బలపంతో లెక్కలు రాసి, అక్కరలేనప్పుడు చెరిపేసేవారు. ఆ మడతలు ఏళ్ల తరబడి తెరిచి మూసినా నిలిచాయంటే మడిచిన చేతులు తొందరపడలేదన్నమాట.

మిగిలినది సులువు. మొదటి, చివరి పట్టీల వెనకవైపు జిగురు పూసి, పల్లపు మడత అట్ట అంచుతో సమానంగా వచ్చేట్టు, పైనా కిందా 3 మిల్లీమీటర్లు వదిలి, అట్టల లోపలివైపు అతికించి, ఒక రాత్రి బరువు కింద ఉంచాలి. మర్నాడు జెండాలు. పై వరుసవి మూడింటినీ ఒక్కో మిట్ట ఎడమ వాలు మీద, పల్లానికి 2 మిల్లీమీటర్లు ఎడంగా అంటించాలి. ఇవి పుస్తకం తెరిస్తే కుడికి వాలుతాయి. నడిమి వరుస కుడి వాలు మీద, అడుగు వరుస మళ్లీ ఎడమ వాలు మీద రావాలి. వరుసకూ వరుసకూ మధ్య 3 మిల్లీమీటర్ల సందు తప్పనిసరి. బొమ్మ ముందే గీసి ముక్కలు చేసేవారున్నారు కానీ, ఖాళీ జెండాలు అంటించి, పుస్తకం పూర్తిగా తెరిచి, ఏది ఎంత కనబడుతుందో పెన్సిలుతో గుర్తుపెట్టుకున్నాకే బొమ్మ మొదలుపెట్టాలి.

ఒక వరుస ఆరాక పుస్తకాన్ని ఒకసారి మూసి తెరిచి, తరువాతి వరుసకు వెళ్లాలి. ఏదైనా జెండా పక్కదాన్ని పట్టుకుంటే దాని అంచును కత్తెరతో ఒక మిల్లీమీటరు తగ్గించాలి, వెన్నును మాత్రం ముట్టుకోకూడదు.