బరువులెత్తే ఆడవాళ్లకు తోడు: వెతుక్కోవడం, నిలబెట్టుకోవడం

రాడ్ పట్టుకోవడం నెల రోజుల్లో ఎవరైనా నేర్పగలరు. ఆ తర్వాత పెళ్లిళ్ల సీజను, పిల్లల పరీక్షలు, ఇంట్లో జ్వరాలు అన్నీ దాటుకుంటూ ఏళ్ల తరబడి జిమ్‌కు వెళ్తూ ఉండటమే అసలు పని. దానికి తోడు కావాలి. నేను విజయనగరంలో ఇంటర్ పిల్లలకు జువాలజీ చెబుతాను. వయసు నలభై ఆరు. మంగళ, శుక్రవారాల సాయంత్రం రింగురోడ్డు వైపున్న ఒక మామూలు జిమ్‌లో నలుగురం ఒకే రాడ్ మీద సాధన చేస్తాం: నేను, ఒక స్టాఫ్ నర్సు, ఇంటి దగ్గరే బట్టలు కుట్టే ఒకావిడ, డిగ్రీ చదివే ఒక అమ్మాయి. బరువులెత్తాలని మనసుండి, చుట్టూ అలాంటి మనిషి ఒక్కరూ కనబడని వాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

ముందు రెండు భయాల సంగతి చెప్పాలి. “మగవాళ్లలా తయారవుతావు” అనే మాట మీకు తప్పకుండా వినబడుతుంది. కండ బాగా పెరగడంలో టెస్టోస్టిరాన్ పాత్ర పెద్దది. మగవాళ్ల రక్తంలో ఉండే దానితో పోలిస్తే ఆడవాళ్లలో అది చాలా తక్కువ. వారానికి రెండు మూడు రోజులు బరువులెత్తే ఆడమనిషికి బలం బాగా పెరుగుతుంది, ఒళ్లు గట్టిపడుతుంది, జాకెట్టు చేతులు కాస్త బిగుతవుతాయి. మా టైలరమ్మ ఒక కుట్టు విప్పి ఇస్తుంది, సరిపోతుంది.

రెండో భయం గర్భసంచి జారుతుందని. నిండు గ్యాస్ బండ దాదాపు 30 కిలోలుంటుంది. దాన్ని వంటింట్లోకి లాగే ఆడవాళ్లు బరువు ఎత్తే పద్ధతి నేర్చుకుంటే మేలే తప్ప కీడు లేదు. అయితే ఇప్పటికే గర్భసంచి జారినవాళ్లు, దగ్గినా తుమ్మినా మూత్రం పడేవాళ్లు, కాన్పో ఆపరేషనో అయి ఎక్కువ కాలం కానివాళ్లు ముందు గైనకాలజిస్టును కలవండి. బీపీ అదుపులో లేనివాళ్లు కూడా డాక్టరుకు చెప్పాకే మొదలుపెట్టండి, ఎందుకంటే ఊపిరి బిగబట్టి ఎత్తేటప్పుడు బీపీ పెరుగుతుంది.

మొదటి నెల

పెద్దలందరూ వారానికి కనీసం రెండు రోజులు ప్రధాన కండరాలన్నిటికీ పని కల్పించే వ్యాయామం చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాల్లో చెప్పింది. నెలసరి ఆగే వయసు దగ్గరపడుతున్న వాళ్లకు ఇది మరీ ముఖ్యం. ఈస్ట్రోజన్ తగ్గాక ఎముక సాంద్రత వేగంగా పడిపోతుంది, బరువు మోసే ఎముక దాన్ని కొంతవరకు నిలుపుకుంటుంది. కాబట్టి రెండు రోజులతో మొదలుపెట్టండి. స్క్వాట్, డెడ్‌లిఫ్ట్ (నేల మీది రాడ్‌ను పట్టుకుని నిటారుగా లేవడం), బెంచ్ ప్రెస్ (బెంచీ మీద వెల్లకిలా పడుకుని రాడ్‌ను ఛాతీ మీంచి పైకి నెట్టడం), తలపైకి ఎత్తే ప్రెస్, రోయింగ్ (ముందుకు వంగి బరువును పొట్ట వైపు లాగడం): ఈ అయిదూ చాలు. ఒక్కోటి ఎనిమిదేసి సార్లు చొప్పున మూడు సెట్లు.

స్క్వాట్ మనకు కొత్త కాదు. వినాయకుడి ముందు తీసిన గుంజీళ్లే. పాదాలు భుజాల వెడల్పున, వేళ్లు కాస్త బయటికి, మోకాళ్లు వేళ్ల దిశలోనే పోవాలి. మొదట ఒక డంబెల్‌ను రెండు చేతులతో ఛాతీకి ఆనించి పట్టుకుని చేయండి. అది కుదిరాక రాడ్. మామూలు రాడ్ 20 కిలోలు. ఆడవాళ్ల వెయిట్‌లిఫ్టింగ్ రాడ్ 15 కిలోలే కానీ మన ఊరి జిమ్‌లలో అది అరుదు. కొన్నిచోట్ల అంతకన్నా తేలికైన రాడ్లు కూడా కలిసి ఉంటాయి, కాబట్టి బరువు చూసే యంత్రం మీద పెట్టి తూచి నోటుపుస్తకంలో రాసుకోండి. ఎత్తుతున్నది ఎంతో తెలియకపోతే పెంచేది ఎంతో కూడా తెలియదు.

డెడ్‌లిఫ్ట్‌లో ఒక సంగతి చాలామంది ట్రైనర్లు పట్టించుకోరు. రాడ్ చివర్లకు తగిలించే బరువు చక్రాలే ప్లేట్లు. పోటీల్లో వాడే పెద్ద ప్లేట్ల వ్యాసం 450 మిల్లీమీటర్లు, అంటే రాడ్ నేలకు 22 సెంటీమీటర్ల పైచిలుకు ఎత్తులో ఉంటుంది. కొత్తగా వచ్చిన ఆడమనిషి చిన్న ప్లేట్లు వేసి నేల మీద నుంచి లాగితే రాడ్ మరీ కిందికి పోతుంది, నడుము వంగిపోతుంది. రెండు పక్కలా చెక్క దిమ్మెలో రబ్బరు మ్యాట్లో పేర్చి రాడ్‌ను ఆ ఎత్తుకు తెచ్చుకోండి. రాడ్ పాదం నడిమి భాగానికి సరిగ్గా పైన ఉండాలి, కాళ్లను రాసుకుంటూ పైకి రావాలి.

మెత్తటి రన్నింగ్ బూట్లు వద్దు, అడుగు చదునుగా ఉన్న కాన్వాస్ బూట్లు చాలు. గాజులు తీసి సంచిలో పెట్టండి. మంగళసూత్రం, నల్లపూసలు తీయడం ఇష్టం లేకపోతే టీషర్టు లోపలికి వేసి పైన బిగుతైన బనియను వేసుకోండి. బెంచ్ ప్రెస్‌లో రాడ్ ఛాతీకి తగిలేది సరిగ్గా గొలుసు ఉండే చోటుకు దగ్గర్లోనే. చున్నీ మాత్రం జిమ్ లోపలికి తేవద్దు.

పెంచేటప్పుడు పక్కకు 1.25 కిలోల ప్లేటు, మొత్తం రెండున్నర కిలోలు. మీ జిమ్‌లో ఆ చిన్న ప్లేట్లు లేకపోతే నలుగురూ చందా వేసుకుని కొనుక్కోండి. మేం అలాగే కొన్నాం. స్క్వాట్, డెడ్‌లిఫ్ట్ మొదట్లో వారం వారం పెరుగుతాయి. తలపైకి ఎత్తే ప్రెస్ అలా పెరగదు, నెలంతా ఒకే బరువు మీద ఉన్నా కంగారు పడకండి.

తిండి గురించి క్లుప్తంగా: హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పెద్దలకు కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల ప్రోటీను సూచించింది. బరువులెత్తేవాళ్లు 1.2 నుంచి 1.6 గ్రాముల దాకా తినడం మామూలు. 60 కిలోల మనిషికి అది 72 నుంచి 96 గ్రాములు. గుడ్డులో ఆరు గ్రాములుంటాయి. పెసరట్టు, శనగలు, వేరుశనగలు, చేపలు, పప్పు మన వంటింట్లో ఉన్నవే. అన్నం పళ్లెంలో వాటి వాటా పెంచితే సరి. మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్లు మాత్రం డాక్టరు చెప్పిన లెక్కే పాటించాలి.

తోడు ఎక్కడ దొరుకుతుంది

కరణం మల్లీశ్వరి 2000 సెప్టెంబరు 19న సిడ్నీలో 69 కిలోల విభాగంలో రెండు పద్ధతుల్లో 110, 130 కలిపి 240 కిలోలు ఎత్తి కాంస్యం గెలిచినప్పుడు నేను డిగ్రీ చదువుతున్నాను. ఆడవాళ్ల వెయిట్‌లిఫ్టింగ్‌ను ఒలింపిక్స్‌లో చేర్చింది ఆ ఏడే. ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ మా పక్క జిల్లా శ్రీకాకుళంలోని ఊసవానిపేట పిల్ల అని కాలేజీ అంతా చెప్పుకున్నాం. ఆమె అక్కచెల్లెళ్లూ బరువులెత్తినవాళ్లే అన్న సంగతి అప్పుడు ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. నాకు ఇప్పుడు ఆ సంగతే ముఖ్యంగా అనిపిస్తుంది. మా విజయనగరం పక్కనే ఉన్న కొండవెలగాడ చూడండి. 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో 53 కిలోల విభాగంలో పతకం తెచ్చిన మత్స సంతోషి ఆ ఊరి అమ్మాయి. అక్కడ బరువులెత్తే ఆడపిల్ల వింత కాదు, పక్కింట్లోనూ ఒకరుంటారు. మనకు ఊరంతా అలా లేదు కాబట్టి ఇద్దరు ముగ్గురితో ఆ వాతావరణం మనమే కల్పించుకోవాలి.

మీ జిమ్‌లోనే మొదలుపెట్టండి. ట్రెడ్‌మిల్ మీద నడుస్తూ మాటిమాటికీ డంబెళ్ల వైపు చూసే ఆడమనిషి ఒకరుంటారు. “మీరూ చేస్తారా?” అని అడిగితే వెంటనే కాదంటారు. దానికి బదులు చిన్న సాయం అడగండి: “నేను స్క్వాట్‌లో ఎంత లోతుకు వెళ్తున్నానో పక్కనుంచి కాస్త చూసి చెప్తారా?” చూసిన మనిషికి ఆసక్తి పుడుతుంది. మా టైలరమ్మ నాకు అలాగే దొరికింది. కొలతలు చూసే కన్ను కదా, నా కుడి భుజం కిందికి ఉంటోందని మొదటిరోజే చెప్పింది.

జిమ్ బయట వెతకాలంటే, బడిలో కబడ్డీ, ఖోఖో ఆడి పెళ్లయ్యాక ఆపేసిన ఆడవాళ్లు ప్రతి వీధిలోనూ ఉన్నారు. వాళ్లను అడగండి. పోటీ అంటే ఏమిటో వాళ్ల ఒంటికి ఇంకా తెలుసు. రోగులను ఎత్తి మంచం మార్చే నర్సులకు నడుం నొప్పి నిత్యం ఉండేదే, బలం ఎందుకో వాళ్లకు వివరించక్కర్లేదు. మహిళా కానిస్టేబుళ్లు, స్కూళ్ల పీఈటీలు, కాలేజీ ఫిజికల్ డైరెక్టర్లు కూడా మంచి దారి. మీ కాలేజీ పీడీ గారిని “పూర్వం వెయిట్‌లిఫ్టింగ్ చేసిన ఆడపిల్లలు ఊళ్లో ఎవరున్నారు?” అని ఒక్క మాట అడిగి చూడండి.

ఎంచుకునేటప్పుడు సమానమైన బలం చూడకండి, సమానమైన సమయం చూడండి. నాకన్నా ఎంతో చిన్నదైన డిగ్రీ అమ్మాయి డెడ్‌లిఫ్ట్‌లో నాకన్నా 20 కిలోలు ఎక్కువ లాగుతుంది. తక్కువ బరువు వాళ్లు ముందు చేసి, ప్లేట్లు పెంచుకుంటూ పోతే ఇబ్బందేమీ లేదు. పైగా ముగ్గురు నలుగురు ఒకే రాడ్ వాడితే సెట్టుకూ సెట్టుకూ మధ్య కావలసిన రెండు మూడు నిమిషాల విశ్రాంతి తనంతట తానే వస్తుంది. ఒంటరిగా చేసేవాళ్లు ఫోను చూస్తూ పది నిమిషాలు కూర్చుంటారు, లేకపోతే ఊపిరి కుదుటపడకుండానే మళ్లీ ఎత్తుతారు.

చాలా జిమ్‌లు లేడీస్ టైమ్ అని పొద్దున పది దాటాక పెడతాయి. ఉద్యోగం చేసేవాళ్లకు అది పనికిరాదు. ఒక్కరు అడిగితే యజమాని వినడు, నలుగురు కలిసి మూడు నెలల ఫీజు ముందే కడతామని వెళ్తే వారానికి రెండు సాయంత్రాలు గంటసేపు ఒక ర్యాక్ (రాడ్ ఆనించే స్టాండు) మనకు వదులుతాడు. ట్రైనరును కూడా అప్పుడే పరీక్షించండి. “నా స్క్వాట్‌లో లోతు సరిపోతోందా? వచ్చే వారం ఎంత పెంచాలి?” అని అడగండి. దానికి జవాబు చెప్పకుండా సన్నబడే మాటలే చెబుతుంటే మరొకరిని చూసుకోండి. ముట్టుకుని సరిచేయబోతే “చేత్తో కాదు, మాటతో చెప్పండి” అని నలుగురిలోనే అనండి. మంచి కోచ్ దానికి నొచ్చుకోడు.

కలిసి చేసేటప్పుడు

బెంచ్ ప్రెస్ ఎప్పుడూ మనిషి లేకుండా చేయవద్దు. తోడు నిలబడేవాళ్లు తల వెనక నిలబడి, చేతులు రాడ్ కింద సిద్ధంగా ఉంచాలి, తాకకూడదు. రాడ్ ఆగిపోయినా, కిందికి జారినా, “పట్టు” అన్నా వెంటనే పట్టుకోవాలి. ఈ మాట ముందే అనుకోండి. తోడు లేని రోజు డంబెళ్లతో కానిచ్చేయండి. స్క్వాట్‌కు ర్యాక్‌లో అడ్డ కడ్డీలు మీరు దిగే అత్యంత కింది స్థాయికి కొంచెం కింద పెట్టుకోండి. డెడ్‌లిఫ్ట్‌లో మాత్రం ఎవరూ దగ్గరికి రాకూడదు, ఎత్తేవాళ్లు వదిలేస్తే రాడ్ నేల మీద పడుతుంది, అంతే.

మాటల విషయంలో మా నలుగురికీ కొన్ని ఒప్పందాలున్నాయి. ఒళ్లు తగ్గడం, పెరగడం గురించి ఎవరూ ఎత్తరు. ఎంత ఎత్తావు, ఎలా ఎత్తావు, అంతవరకే. సెట్టుకు ఒక్క తప్పే చెప్పాలి. మూడు చెబితే ఎత్తేవాళ్ల బుర్రలో ఒక్కటీ నిలవదు. నెలసరి రోజుల్లో బరువు తగ్గించుకుంటే కారణం అడగం. కొందరికి ఆ రోజుల్లోనూ బాగానే సాగుతుంది, అదీ వాళ్లిష్టం. ఒకరు రాకపోయినా మిగతావాళ్లు ఆపరు. పైడితల్లమ్మ సిరిమాను జాతర వారంలో ఊరంతా చుట్టాలే కాబట్టి అప్పుడు మాత్రం అందరం సెలవు. ఎత్తే తీరు చూసుకోవడానికి తీసే వీడియోలు మా నలుగురి వాట్సాప్ గ్రూపు దాటి పోవు. కొత్తగా ఎవరైనా చేరితే మొదట చెప్పేది ఈ నియమమే.

ఇంట్లోవాళ్ల దగ్గర అనుమతి అడగకండి, సమయం చెప్పండి. “మంగళ, శుక్రవారాలు ఆరున్నర నుంచి ఏడున్నర దాకా నేనుండను, ఆ పూట టిఫిను మీరు చూడాలి” అంటే అందులో వాదనకు చోటు తక్కువ. మా అత్తయ్యకు మోకాళ్లు బలహీనం. నేను వచ్చాక ఆవిడ కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం చేస్తారు, నేను లెక్కపెడతాను. “ఇవాళ ఒకటి ఎక్కువే” అని ఆవిడే అంటారు.

కొన్ని నెలలు గడిచాక ఒక పవర్‌లిఫ్టింగ్ పోటీ చూడటానికి వెళ్లండి. స్క్వాట్, బెంచ్, డెడ్‌లిఫ్ట్, ఒక్కోదానికి మూడేసి అవకాశాలు, ముగ్గురు జడ్జీల్లో ఇద్దరు తెల్ల లైటు వెలిగిస్తే ఎత్తినట్టు. నలభై దాటినవాళ్లకు మాస్టర్స్ విభాగం విడిగా ఉంది. 20 కిలోల రాడ్, ప్లేట్లు జారకుండా రెండు పక్కల బిగించే రెండున్నరేసి కిలోల కాలర్లు కలిపి 25 కిలోల నుంచే ఎత్తవచ్చు, కాబట్టి మనకు చోటు లేదనుకోవద్దు. వార్మప్ జరిగే చోట నిలబడితే మీలాంటి ఆడవాళ్లు పక్క ఊళ్ల నుంచి వచ్చి కనబడతారు. “మీరు ఏ జిమ్ అక్కా?” అని పలకరించి నంబరు తీసుకోండి. తర్వాతి పోటీలో పేరు ఇవ్వాలనుకుంటే, మొదటి అవకాశానికి జిమ్‌లో వరసగా మూడుసార్లు తేలిగ్గా ఎత్తే బరువే చెప్పండి, ఆ అంకె మీ తోడు వాళ్ల చేత కూడా ముందురోజే నోటుపుస్తకంలో రాయించండి.