సొంత ఇంటర్నెట్ రేడియో పెడుతున్నారా? ముందు పాటల రైట్స్ లెక్క చూసుకోండి

ఇంటర్నెట్ రేడియో పెట్టడం ఎంత తేలికంటే, శనివారం మధ్యాహ్నం భోజనం చేసి కూర్చుంటే సాయంత్రం కాఫీ వేళకి పాట వినిపిస్తుంది. చవకగా అద్దెకి దొరికే ఒక సర్వర్, దాని మీద రేడియో స్టేషన్ నడిపే ఉచిత సాఫ్ట్‌వేర్ అజురాకాస్ట్, ఒక ఫోల్డర్ నిండా ఎంపీత్రీలు, అంతే. బెంగళూరు బీటీఎం లేఅవుట్‌లో నా గదిలోంచి నేనూ అలాగే మొదలుపెట్టాను. రాత్రి తొమ్మిదింటికి పాత తెలుగు పాటలు వేసేవాణ్ణి, వింటున్నవాళ్ల సంఖ్య దగ్గర 11 అని కనపడితే పండగే. అందులో ఒకటి నా ఫోను, ఒకటి నా లాప్‌టాప్, ఒకటి చెన్నైలో ఉండే మా పిన్ని. మిగతా ఎనిమిది మంది ఎవరో నాకిప్పటికీ తెలీదు. రెండు నెలలు గడిచాక ఒకరోజు సర్వర్ అద్దెకిచ్చినవాళ్ల నుంచి మెయిల్ వచ్చింది, పాటల హక్కుల మీద ఫిర్యాదు అందింది, స్ట్రీమ్ ఆపేశాం అని. ఆ రాత్రి పిన్ని ఫోన్ చేసి, "ఏరా, నీ రేడియో పలకట్లేదు, మీకు కరెంటు పోయిందా?" అని అడిగింది.

అప్పుడుగానీ నేను చట్టం తెరిచి చూడలేదు. మీరు ముందే చూడండి. నచ్చిన పాటలన్నీ పోగేసుకుని ఆ తర్వాత ఫీజు సంగతి ఆలోచిస్తే దారి దొరకదు. ఏ ఫీజు కట్టగలరో తేల్చుకుని, దానికి తగ్గ పాటలు ఎంచుకోవాలి.

ముందు పాటని రెండు ముక్కలుగా చూడటం అలవాటు చేసుకోండి. సాహిత్యం, బాణీ ఒక వైపు, రికార్డింగ్ ఇంకో వైపు. మన 1957 కాపీరైట్ చట్టంలో వీటికి వేర్వేరు హక్కులు, వేర్వేరు గడువులు. రికార్డింగ్‌కి విడుదలైన మరుసటి ఏడాది జనవరి నుంచి 60 ఏళ్లు. సాహిత్యానికీ బాణీకీ అయితే వాటిని సృష్టించినవాళ్లు కన్నుమూసిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు. 'మాయాబజార్' సంగతే చూడండి. 1957లో వచ్చింది కాబట్టి అప్పట్లో విడుదలైన రికార్డుల మీద హక్కు 2017 చివరితో తీరిపోయింది. కానీ పాటలు రాసిన పింగళి నాగేంద్రరావుగారు పోయింది 1971లో, అంటే ఆ సాహిత్యానికి 2031 చివరిదాకా గడువుంది. ఘంటసాలగారు కట్టిన బాణీలకి 2034 చివరిదాకా. "పాత పాటే కదా, ఎవరడుగుతారు" అనే మాట సగమే నిజమన్నమాట. అయితే ఆ సగం కూడా తక్కువేం కాదు, రెండు చోట్ల కట్టాల్సింది ఒక చోట కడితే సరిపోతుంది.

"నేను డబ్బులు తీసుకోవట్లేదుగా" అనే ధీమా ఒకటి ఉంటుంది, నాకూ ఉండేది. చట్టంలో ఔత్సాహిక క్లబ్బులకి ఒక మినహాయింపు ఉన్న మాట నిజమే, టికెట్ లేకుండా ప్రదర్శన ఇస్తే తప్పు కాదంటుంది. కానీ అది సాహిత్యం, నాటకం, సంగీత రచనల ప్రదర్శన గురించి చెప్పిన మాట, అందులో సౌండ్ రికార్డింగ్ ఊసే లేదు. ఉగాదికి అపార్ట్‌మెంట్ స్టేజి మీద మనవాళ్లు పాడుకోవడానికి పనికొస్తుందేమోగానీ ఎంపీత్రీలు స్ట్రీమ్ చేయడానికి కాదు. "వినేది పదిమందే" అన్నదీ కుదరదు. జనానికి అందుబాటులో పెట్టడమే లెక్క, నిజంగా ఎవరైనా విన్నారా లేదా అన్నది అనవసరం అని నిర్వచనంలోనే రాసుంది. శిక్షలు చిన్నవేం కావు, ఆరు నెలల నుంచి మూడేళ్ల జైలు, 50 వేల నుంచి 2 లక్షల జరిమానా. వ్యాపార లాభం కోసం చేయలేదని తేలితే కోర్టు తగ్గించొచ్చు, అదొక్కటే ఊరట.

ఇక ఫీజు. ఎఫ్ఎం వాళ్లకి 2010లో కాపీరైట్ బోర్డు నికర ప్రకటనల ఆదాయంలో 2 శాతం అని పెట్టింది. అది చదివి నేను మహా సంబరపడ్డాను, నా ప్రకటనల ఆదాయం సున్నా, సున్నాలో 2 శాతం ఎంతో చిన్నపిల్లాణ్ణి అడిగినా చెప్తాడు. ఆ సంబరం ఎక్కువసేపు నిలవలేదు. 2012 సవరణతో వచ్చిన 31డి సెక్షన్ ప్రకారం బ్రాడ్‌కాస్టర్లు ముందుగా నోటీసిచ్చి, నిర్ణయించిన రేటు కట్టి పాటలు వేసుకోవచ్చు, ఓనర్ కాదనడానికి లేదు. అది ఇంటర్నెట్‌కి కూడా వర్తిస్తుందా అన్న గొడవ, టిప్స్ అనే మ్యూజిక్ కంపెనీకీ వింక్ అనే పాటల యాప్‌కీ మధ్య నడిచిన కేసులో బాంబే హైకోర్టుకి వెళ్లింది. 2019లో సింగిల్ జడ్జి, 2022లో డివిజన్ బెంచ్ ఇద్దరూ ఇంటర్నెట్‌కి వర్తించదనే చెప్పారు. కాబట్టి మనం హక్కుదారుల దగ్గరికి వెళ్లి అడగాలి, వాళ్లు చెప్పిన రేటుకి ఒప్పుకోవాలి, లేదంటే ఆ పాట వదిలేయాలి.

అడగాల్సింది రెండు చోట్ల. సాహిత్యం, బాణీల కోసం ఐపీఆర్ఎస్, అంటే రచయితలు, స్వరకర్తల తరఫున ఫీజు వసూలు చేసే సంస్థ, టారిఫ్ వాళ్ల వెబ్‌సైట్‌లోనే ఉంటుంది. రికార్డింగ్ కోసం ఆ పాట ఏ లేబుల్‌దైతే (విడుదల చేసిన మ్యూజిక్ కంపెనీ) ఆ లేబుల్. తెలుగు పాటలకి ఎక్కువగా తగిలే పేర్లు ఆదిత్య, లహరి, సరిగమ, లహరి అయితే మన బెంగళూరుదే. మెయిల్‌లో సొంత కథ రాయకండి. రోజుకి ఎన్ని గంటల ప్రసారం, సగటున ఎంతమంది వింటున్నారు, ఏ దేశాల్లో వింటున్నారు, డౌన్‌లోడ్ ఉందా, ప్రకటనలు ఉన్నాయా, ఈ ఐదూ రాస్తే చాలు. జవాబులో ముందుగా చూడాల్సిన మాట 'మినిమమ్ గ్యారంటీ'. పాటకి ఇన్ని పైసలు అన్న రేటు చూసి పర్లేదు అనుకుంటాం, కానీ ఎంతమంది విన్నా వినకపోయినా ముందే కట్టాల్సిన కనీస మొత్తం పక్కనే ఉంటుంది. పెద్ద యాప్‌లకి అది లెక్కలోకి రాదు, సరదాకి నడిపే స్టేషన్‌ని ముంచేది మాత్రం అదే. దానికి తోడు 18 శాతం జీఎస్టీ.

ఆస్టిన్‌లోనో న్యూజెర్సీలోనో మీ కజిన్ వింటున్నాడా? అప్పుడు వాళ్ల లెక్క కూడా చూడాలి, ఇక్కడి లైసెన్స్ అక్కడ చెల్లుతుందని అనుకోవద్దు. అమెరికాలో రికార్డింగుల కోసం, వాటి ఫీజు వసూలు చేసే సౌండ్ఎక్స్ఛేంజ్ అనే సంస్థకి కట్టాలి, అదీ ఒక్క పాట ఒక్కరు వింటే ఒక లెక్క. 2021లో ప్రకటనలతో నడిచే ఉచిత స్టేషన్లకి ఆ రేటు 0.0021 డాలర్లు. చూడటానికి చిల్లరలాగే ఉంది. సగటున 20 మంది, గంటకి 15 పాటలు, రోజంతా ప్రసారం అనుకోండి, 30 రోజులకి 2,16,000 లెక్కలు, అంటే దాదాపు 454 డాలర్లు. అదే ఏడాది నుంచి స్టేషన్‌కి ఏడాదికి కనీస ఫీజు కూడా 1000 డాలర్లయింది. అక్కడ చిన్న స్టేషన్లకి ఉన్న రాయితీ రేట్లు 2015 చివరితో ముగిశాక, అలాంటివాళ్లకి వేల సంఖ్యలో చోటిచ్చిన లైవ్365 అనే వెబ్‌సైట్ నెల తిరిగేసరికి మూతపడింది, మళ్లీ తెరుచుకుంది 2017లో. అంత లెక్క మనవల్ల కాదనుకుంటే అజురాకాస్ట్‌లో దేశాలని బ్లాక్ చేసే సెట్టింగ్ వాడండి. కజిన్ అలుగుతాడు, అలగనివ్వండి.

నేనిప్పుడు వేస్తున్నవి కీర్తనలు. అన్నమయ్య, రామదాసు, త్యాగరాజు, వీళ్ల సాహిత్యం మీద ఎవరికీ హక్కు లేదు. అలాగని యూట్యూబ్‌లో దొరికిన కచేరీ తీసి వేసేయకూడదు, ఆ రికార్డింగ్ ఎవరిదో ఒకరిది, పాడినవాళ్లకి కూడా 50 ఏళ్ల హక్కుంటుంది. ఈ మధ్యకాలంలో ఎవరైనా కొత్తగా బాణీ కట్టి ఉంటే ఆ బాణీ వాళ్లదే, ఇది అన్నమయ్య విషయంలో తరచూ ఎదురవుతుంది. అందుకే సంప్రదాయ బాణీల్లో, తెలిసినవాళ్ల చేత మా గదిలోనే పాడించి రికార్డు చేసుకుంటున్నాను, ఫ్యాను ఆపేసి, కిటికీకి దుప్పటి కట్టి.

పాడినవాళ్లతో ఒక పేజీ ఒప్పందం తప్పనిసరి. అందులో రెండు విషయాలు మర్చిపోవద్దు, కాలం, ప్రాంతం. కాలం రాయకపోతే చట్టం ఐదేళ్లే అనుకుంటుంది, ప్రాంతం రాయకపోతే ఇండియా వరకే అనుకుంటుంది. పిన్ని చెన్నై నుంచి వచ్చి రెండు రామదాసు కీర్తనలు పాడి వెళ్లింది, ఆవిడ చేత కూడా సంతకం పెట్టించాను, "సొంత పిన్నిని కూడా నమ్మవా" అని నవ్వింది. ఆ కాగితం స్కాన్ చేసి, ఒక షీట్‌లో ఫైల్ పేరు, పాడింది ఎవరు, గడువు ఎప్పటిదాకా, స్కాన్ లింక్ అన్నీ ఎక్కించాకే పాట ప్లేలిస్ట్‌లోకి వెళ్లింది. సర్వర్‌వాళ్లు ఈసారి మెయిల్ పెడితే పంపాల్సింది ఆ షీటే.