రొయ్యల జబ్బుల సదస్సు పెడుతున్నారా?

నెల్లూరు జిల్లా ముత్తుకూరు వైపు ఇలాంటి సదస్సులకు చాలా ఏళ్లుగా వెళ్తున్నాను. ముందు ప్రసంగాలు సగానికి తగ్గించండి. పేపర్‌కి పది నిమిషాలు, ప్రశ్నలకు పదిహేను. మొదటి ప్రశ్న రైతుకే ఇవ్వండి. శాలువాలు భోజనాల తర్వాత కప్పుకోండి, అప్పుడు ఎలాగూ అందరికీ నిద్రొస్తుంది.

తెల్లమచ్చ వైరస్ దగ్గరే ఆగిపోకండి. ఈహెచ్‌పీ అనే సూక్ష్మ పరాన్నజీవి సోకితే వనామీ రొయ్య చావకుండానే ఎదుగుదల ఆగిపోతుంది, మేత ఖర్చు మాత్రం ఆగదు. దాన్ని పీసీఆర్ అనే జన్యు పరీక్షతో నిర్ధారించుకోవాలి. సీడ్ (రొయ్య పిల్ల) దశలోనే పట్టుకోవాలి కాబట్టి ఆ పిల్లల్ని పెంచి అమ్మే హేచరీ వాళ్లను, ల్యాబ్ టెక్నీషియన్లను కూడా పిలవండి. ఫలించని ప్రయోగాలకు ఒక పూట కేటాయించండి. అదే చెరువు ఖర్చు మిగిల్చేది.

చెరువుల దగ్గరికి తీసుకెళ్తే పట్టుబడి అయిపోయిన చెరువే చూపించండి. జనాన్ని గుంట గుంటకూ తిప్పితే బురద కాళ్లతో జబ్బూ తిరుగుతుంది.