చలికాలం కుండీల్లో ఏ మొక్కకు ఏది జత?

వరంగల్ చుట్టుపక్కల మిద్దె తోటకు దసరా నుంచి శివరాత్రి దాకా ఉన్నంత మంచి కాలం ఏడాదిలో మళ్లీ రాదు. పగటి ఎండ మాడ్చదు, రాత్రి చలి చంపదు. మట్టి మంచిదే, విత్తనం మంచిదే, అయినా పంట సరిగా రాలేదంటే చాలాసార్లు తప్పు జతలోనే ఉంటుంది. ఒకే కుండీలో పెట్టే రెండు మొక్కలకు నీళ్లు ఒకే తీరుగా కావాలి, వేర్లు వేరువేరు లోతుల్లో పారాలి, ఒకటి కమ్ముకునేలోపు రెండోది కోతకు రావాలి. ఈ మూడూ కుదిరాకే రంగులు, అందం చూసుకోండి.

ముందు నీడ కొలవండి

డిసెంబర్‌లో మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు నడినెత్తికి రాడు. దక్షిణానికి వాలి, దాదాపు 48 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. దక్షిణం వైపు 3 అడుగుల పిట్టగోడ ఉంటే ఆ సమయంలోనూ దాని నీడ రెండున్నర అడుగులు దాటి లోపలికి పడుతుంది. ఏప్రిల్‌లో అదే గోడ పక్కన మొక్కలు బాగా పెరిగాయని కాలీఫ్లవర్ కూడా అక్కడే పెడతారు. ఆకులు పొడుగ్గా సాగుతాయి, పువ్వు మాత్రం కట్టదు.

ఒక రోజు ఉదయం 9కి, మధ్యాహ్నం 12కి, 3కి సుద్దముక్కతో నీడ అంచు గీయండి. మూడుసార్లూ ఎండ ఉన్న చోటు టమాట, కాలీఫ్లవర్, క్యారెట్, చామంతికి. మూడు నాలుగు గంటలే ఎండ తగిలే చోటు కొత్తిమీర, పాలకూర, పుదీనాకు. టమాట, చిక్కుడు లాంటి ఎత్తు మొక్కలు ఉత్తరపు అంచున ఉంటే మిగతావాటికి అడ్డం రావు.

సంచి, మట్టి

నల్లరేగడి పొలానికి బంగారమే కానీ కుండీలో తడిస్తే ముద్ద, ఎండితే రాయి. ఎర్ర చెల్క మట్టి తెచ్చుకోండి. 18 అంగుళాల గ్రోబ్యాగ్‌కు (మొక్కలు పెంచే సంచి) 15 లీటర్ల బకెట్‌తో కొలిస్తే ఎర్రమట్టి ఒకటిన్నర, బాగా చివికిన పెంట ఎరువు ఒకటిన్నర, కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) ఒకటి, ఇసుక అర బకెట్, పైన 100 గ్రాముల వేపపిండి. కోకోపీట్‌ను రెండుసార్లు నీళ్లలో నానబెట్టి పిండాకే కలపాలి, లేకపోతే అందులోని ఉప్పు లేత వేర్లను దెబ్బతీస్తుంది. పెంట చివికిందా లేదా అన్నది వాసనే చెబుతుంది: పేడ వాసన వస్తుంటే ఇంకా కాలేదు. పచ్చి పెంట వేస్తే వేరు పురుగు పడుతుంది.

ఈ సంచి తడిశాక 70–80 కిలోలు తూగుతుంది. వరుసగా స్లాబ్ మధ్యలో కాకుండా గోడల మీద, దూలాల మీద బరువు పడేలా పెట్టండి.

కుదిరే జతలు

కాలీఫ్లవర్, మెంతి: 18 అంగుళాల సంచి మధ్యలో ఒకే ఒక్క కాలీఫ్లవర్ నారు. అదే రోజు అంచు చుట్టూ పిడికెడు మెంతులు చల్లండి. నాలుగు రోజుల్లో మొలుస్తాయి, 25–30 రోజులకు కూరకు వస్తాయి. కాలీఫ్లవర్ ఆకులు అంచు దాకా పరుచుకునేది సరిగ్గా ఆ తర్వాతే. మెంతిని పీకొద్దు, పక్కనున్న వేర్లు కదులుతాయి. కత్తెరతో మట్టి మట్టానికి కోసి, ఖాళీ అయిన అంచులో రెండు గుప్పెళ్ల వర్మీ కంపోస్ట్ వేసి నీళ్లు పెట్టండి. నారు 25–30 రోజులు దాటి ముదిరినా, ఆకలికి ఉన్నా పువ్వు గుండీ అంతే కట్టి ఆగిపోతుంది. నర్సరీలో ఎత్తైన నారు చూసి మురిసిపోయి తెచ్చుకునేవాళ్లకు ఎక్కువగా జరిగేది ఇదే.

క్యారెట్, ఎర్ర గుండ్రటి ముల్లంగి: కనీసం అడుగు లోతు, రెండడుగుల పొడవున్న తొట్టి. రెండు విత్తనాలూ ఒకే గీతలో, అర అంగుళం లోతులో వేయండి. ముల్లంగి నాలుగైదు రోజుల్లో మొలిచి వరుస ఎక్కడుందో చూపిస్తుంది, 30 రోజులకు చేతికొస్తుంది. క్యారెట్ మొలవడానికే 10–15 రోజులు, ఊరడానికి మూడు నెలలు. పొడుగు తెల్ల ముల్లంగి ఇక్కడ వద్దు, దాన్ని లాగితే పక్క క్యారెట్ కూడా లేచి వస్తుంది. క్యారెట్‌కు నారు పోయకూడదు. నేరుగా విత్తి, రెండు మూడు అంగుళాలకు ఒకటి ఉంచి మిగతావి తీసేయండి.

టమాట, బంతి: ఇవి ఒకే కుండీలో కాదు, పక్కపక్క కుండీల్లో. టమాటకు 15 అంగుళాలు, బంతికి 10 చాలు. టమాట నారు 25 రోజులదైతే బంతి నారు 40 రోజులది ఉండాలి, అప్పుడు రెండూ దాదాపు ఒకేసారి పూస్తాయి. కాయతొలుచు పురుగు గుడ్లు పెట్టడానికి బంతి పూలను, మొగ్గలను ఎక్కువ ఇష్టపడుతుంది. మొగ్గల్లో పురుగు కనిపిస్తే తుంచి మిద్దె దించేయండి, కుండీ పక్కనే పడేస్తే ఫలితం లేదు. టమాట మొక్క మొదట్లో నాలుగు ధనియాలు వేసుకోవచ్చు, రెండు బద్దలుగా నలిపి వేయండి. ఆదిలాబాద్, ఆసిఫాబాద్ వైపు రాత్రి వేడి 10 డిగ్రీల కిందికి దిగుతుంది కాబట్టి అక్కడ టమాట ముందుగానే నాటాలి. 13 కన్నా తగ్గితే పూత నిలవడం కష్టం.

క్యాబేజీ, ఆవాలు: ఇదీ వేరు కుండీల జతే. క్యాబేజీ నాటడానికి 15 రోజుల ముందు ఓ చిన్న కుండీలో ఆవాలు చల్లి పక్కన పెడితే ఆకు తినే పురుగు, పేనుబంక ముందు దాని మీదికే పోతాయి. వేపనూనె లీటరు నీళ్లకు 5 మి.లీ., నాలుగు చుక్కల సబ్బు ద్రావణం కలిపి సాయంత్రం ఆకుల అడుగున పడేలా కొట్టండి. మబ్బు పట్టిన రోజుల్లో రోజూ ఆకు తిప్పి చూడాలి.

పూలలో చామంతి మధ్యన, పెటూనియా అంచున బాగుంటాయి. చామంతికి పొడుగు చీకటి రాత్రి కావాలి. వీధిలైటు వెలుగు నేరుగా పడే మూలన పెడితే మొగ్గ ఆలస్యమవుతుంది, ఒక్కోసారి అసలు పట్టదు.

జత వద్దన్నవి

పుదీనాను ఎవరితోనూ కలపొద్దు, నెల తిరిగేసరికి కుండీ మొత్తం దానిదే. చిక్కుడు ఒక్కదానికే పెద్ద సంచి ఇవ్వాలి. టమాట, వంకాయ బంధువులు, ఒకదాని తెగులు రెండోదానికీ అంటుతుంది. కలబంద పక్కన కొత్తిమీర పెడితే ఒకటి కుళ్లుతుంది, లేదా ఒకటి ఎండుతుంది.

నీళ్లు

చలికాలంలో రోజూ పోయాల్సిన పని చాలా కుండీలకు ఉండదు. వేలు రెండు అంగుళాలు గుచ్చి చూడండి, పొడిగా ఉంటేనే పోయండి. ఉదయం ఎండ వచ్చాక, 8 గంటల తర్వాత, మొక్క మొదట్లో పోయాలి. సాయంత్రం ఆకులు తడిపితే తెల్లవార్లూ తడి ఆరదు, మచ్చ తెగుళ్లు మొదలవుతాయి. కింది ఆకులు పసుపెక్కగానే ఎరువు తక్కువైందనుకుని ఇంకా వేయొద్దు. ముందు సంచి అడుగు రంధ్రాలు మూసుకుపోయాయేమో చూడండి.

కొత్తిమీర, పాలకూర ఒకేసారి వేయకుండా 15 రోజులకో కుండీ చొప్పున వేయండి. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు, ఆ తర్వాత వేసిన కొత్తిమీర ఆకు కన్నా ముందు పూతకెళ్తుంది. అందుకే చివరి విడత సంక్రాంతి దాటనివ్వొద్దు. కాలీఫ్లవర్ కోసిన సంచిలో మళ్లీ క్యాబేజీ జాతిని పెట్టకండి. మట్టి తిరగేసి రెండు రోజులు ఎండనిచ్చి, ఓ దోసెడు పెంట ఎరువు కలిపి, రెండు బెండ గింజలు వేయండి.