పోపు రీల్ తీసేటప్పుడు

వంట రీల్స్ తీసేవాళ్లకు ఒక మాట. పోపు వేసేటప్పుడు చిమ్నీ, ఫ్యాను ఆపేసి, వెనక పాట పెట్టకుండా ఆ చప్పుడే రికార్డు చేయండి. ఆవాలు చిటపటలాడి, చివర్లో కరివేపాకు పడగానే చుర్రుమంటుంది చూడండి, అది వింటే చాలు, ఇంట్లో ఉన్నట్టే ఉంటుంది. ఫోన్ మూకుడు పైన కాకుండా పక్కన, కిటికీ వెలుతురు పడేలా పెట్టండి. పైనుంచి తీస్తే ఆవిరికి లెన్స్ మసకబారుతుంది.

ఇంకోటి, నాకైతే ఇదే ముఖ్యం. అమ్మ "చారెడు కందిపప్పు, నిమ్మకాయంత చింతపండు" అంటే ఆ మాట కట్ చేయకండి. ఆవిడ అరచేతిలో పప్పు ఉండగానే దగ్గర్నుంచి ఒక షాట్ తీసి, తర్వాత తూచి గ్రాములు కింద రాయండి. మా అమ్మ చారెడు 60 గ్రాములు తూగింది. అమెరికాలో ఉన్న మా చెల్లి ఆ లెక్కతోనే పప్పుచారు పెడుతోంది.