వారం బాగుందని మందు ఆపకండి: చంటిపిల్లల మలబద్ధకం, వేసవి జాగ్రత్తలు

పోయిన వారం మా అపార్ట్‌మెంట్‌లో రెండున్నరేళ్ళ పిల్లాడిని రాత్రి 11 గంటలకి ఆటోలో ఆసుపత్రికి పట్టుకెళ్ళారు. అప్పటికి ఐదు రోజులుగా వాడికి దొడ్డికి లేదు. పొట్ట బిర్రుగా ఉంది, అన్నం ముట్టట్లేదు. ఊరి నుంచి వచ్చిన నాయనమ్మ చూడలేక, ఒళ్ళో పడుకోబెట్టుకుని ముక్కు మూసి ఆముదం పోసింది. పిల్లాడు గుక్కపట్టి ఏడుస్తున్నాడు. ఆముదం పొట్టలోకి పోవాల్సింది ఊపిరి గొట్టంలోకి పోయింది. దగ్గు, ఆయాసం, తెల్లారేసరికి జ్వరం. నూనె ఊపిరితిత్తుల్లోకి దిగితే వచ్చే న్యుమోనియా అది. మొన్న ఇంటికి తెచ్చారు, ఇంకా నీరసంగానే ఉన్నాడు.

అపార్ట్‌మెంట్ అంతా ఆ ముసలావిణ్ణి తిట్టింది. ఆవిడ చేసింది తప్పే, కాదనను. కానీ అసలు తప్పు జనవరిలోనే జరిగిపోయింది. అప్పుడు పిల్లల డాక్టరు ఒక పొడి రాశారు. పదిహేను రోజులకే పిల్లాడు సుబ్బరంగా వెళ్ళడం మొదలెట్టాడు. "బాగానే ఉందిగా, ఇంకెందుకు, అలవాటైపోతుంది" అని డబ్బా అటకెక్కించేశారు.

పిల్లల వార్డులోనూ, తర్వాత పిల్లల క్లినిక్‌లోనూ కలిపి ఇరవై రెండేళ్ళు నర్సుగా చేశాను. ఈ బాధతో వచ్చిన ఇళ్ళల్లో నీళ్ళు తక్కువై చెడినవాళ్ళకంటే, ఆకుకూర పెట్టక చెడినవాళ్ళకంటే, మందు ముందే ఆపేసి చెడినవాళ్ళనే ఎక్కువ చూశాను. నీళ్ళు, ఆకుకూరలు, పళ్ళు మీకు ఎవరైనా చెబుతారు. నేను మందు ముందే ఆపకపోవడం గురించే చెబుతాను. వద్దన్నా మళ్ళీ మళ్ళీ చెబుతాను.

ఇప్పుడే ఎందుకంటే, ఏప్రిల్ నుంచి జూన్ దాకా విశాఖ ఉక్కపోతలో పిల్లల ఒంట్లో నీరంతా చెమటగా పోతుంది. సెలవులని అమ్మమ్మగారి ఊరు, పెళ్ళిళ్ళు, రైళ్ళు. కొత్త చోట, కొత్త బాత్రూంలో పిల్లలు వెళ్ళరు. జూన్ రెండో వారం రాగానే ప్లేస్కూలు. మళ్ళీ కొత్త బాత్రూం, కొత్త ఆయా. జూలైలో క్లినిక్ బయట బెంచీలు ఎందుకు నిండుతాయో నాకు బాగా తెలుసు.

లోపల ఏం జరుగుతుంది

ఎప్పుడో ఒకసారి గట్టిగా వస్తుంది. జ్వరంలో నాలుగు రోజులు ఏమీ తాగకపోవడం, కొత్తగా ఐరన్ టానిక్ మొదలెట్టడం, తల్లిపాలు మాన్పించి గేదెపాలు పట్టడం, కారణం ఏదైనా కానివ్వండి. ఆ ఒక్కసారికే చర్మం చీరుకుపోతుంది, నెత్తురు చుక్క కనబడుతుంది. రెండేళ్ళ పిల్ల బుర్రకి ఒక్కటే అర్థమవుతుంది: అది బయటికొస్తే మంట. ఇక రానివ్వదు.

మీ ఇంట్లో చూసే ఉంటారు. పిల్ల కర్టెన్ వెనక్కి పోతుంది, సోఫా పట్టుకుని మునివేళ్ళ మీద నిలబడుతుంది, కాళ్ళు పెనవేస్తుంది, ఒళ్ళంతా కర్రలా బిగిసి ముఖం ఎర్రబడుతుంది. "పాపం, ఎంత ముక్కినా రావట్లేదు సిస్టర్" అంటారు తల్లులు. చూడ్డానికి ముక్కినట్టే ఉంటుంది. నిజానికి బిగబడుతోంది. వచ్చేదాన్ని వెనక్కి నెడుతోంది.

బిగబట్టినకొద్దీ పేగు అందులోని నీళ్ళు పీల్చేస్తుంది, మలం ఎండి రాయిలా అవుతుంది, రోజురోజుకీ పెద్దదవుతుంది. చివర్లో అది నిలవ ఉండే చోటు సాగిపోతుంది. సాగిపోయాక నిండిన సంగతే పిల్లకి తెలియదు. పాత లాగు లాస్టిక్ చూడండి, ఒకసారి వదులైతే బొడ్డు దగ్గర ఆగదు. లాగు అయితే పారేస్తాం. ఇది మళ్ళీ బిగుసుకుంటుంది, కాకపోతే నెలలు పడుతుంది. వారాలు చాలవు.

నెల రోజులుగా వారానికి రెండుసార్లు, అంతకన్నా తక్కువ వెళ్తూ, వెళ్ళినప్పుడల్లా ఏడుస్తుంటే దాన్ని "వేడి చేసింది" అని కొట్టిపారేయకండి. డాక్టరుకి చూపించండి.

మందు ఎందుకు ఆపకూడదు

మలం మెత్తబడ్డం ఒక పని. సాగిన చోటు బిగుసుకోవడం రెండో పని. పిల్ల భయం మర్చిపోవడం మూడో పని. మొదటిది వారంలో అవుతుంది, అది మనకి కనబడుతుంది. మిగతా రెండూ కనబడవు, వాటికి నెలలు కావాలి. మొదటిది చూసి మందు ఆపేస్తే మూడో వారం మళ్ళీ ఒక గట్టిది వస్తుంది, మానుతున్న పుండు మళ్ళీ చీరుకుంటుంది. పిల్ల అప్పుడు నిర్ధారణకొస్తుంది: "అమ్మ నొప్పుండదంది, అబద్ధం." రెండోసారి నమ్మించడం మొదటిసారంత తేలిక కాదు.

కంచరపాలెం నుంచి ఒకావిడ కూతుర్ని తీసుకుని ఏడాదిలో నాలుగుసార్లు వచ్చింది. నాలుగుసార్లూ అదే కథ. పది రోజులు వాడేది, బాగుందని ఆపేసేది. నాలుగోసారి వచ్చేసరికి ఆ పిల్ల బాత్రూం తలుపు తీస్తేనే కెవ్వుమంటోంది. ఐదేళ్ళొచ్చినా బడిలో చెడ్డీ పాడైపోతోందని, పక్కన ఎవరూ కూర్చోవట్లేదని చెప్పి ఆవిడ నా దగ్గర ఏడ్చింది. ఆ తర్వాత ఎనిమిది నెలలు మానకుండా వాడింది. బాగయింది. మొదటిసారే వాడుంటే ఎంతలో పోయేదో.

"అలవాటైపోతుందేమో అక్కా" అని అడుగుతారు. డాక్టర్లు ఎక్కువగా రాసేవి రెండు: పాలిఇథిలిన్ గ్లైకాల్ పొడి, లాక్టులోజ్ సిరప్. రెండూ చేసేది పేగులో నీటిని పట్టి ఉంచడమే. సిరప్‌తో కొంచెం గ్యాస్ పట్టొచ్చు. పేగుల్ని బలహీనపరిచేది మందు కాదు, నెలల తరబడి నిలవున్న మలం. 2014లో యూరప్, ఉత్తర అమెరికాల పిల్లల జీర్ణకోశ వైద్యుల సంఘాలు కలిసి ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం కనీసం 2 నెలలు వాడాలి. ఏ బాధా లేకుండా కనీసం ఒక నెల గడిచాకే తగ్గించడం మొదలుపెట్టాలి, అదీ మెల్లమెల్లగా. స్పెషలిస్టు దాకా వెళ్ళేంత ముదిరిన పిల్లల్లో 6 నుంచి 12 నెలలకి మందు మానగలిగేది దాదాపు సగం మందే. కాబట్టి మూడో నెల్లో కూడా వాడుతున్నామని కంగారు పడకండి. మందు ఆపకండి.

తగ్గించేది డాక్టరు చెప్పినప్పుడే, చెప్పినంతే. ఊరెళ్ళే వారం, ప్లేస్కూల్లో వేసే నెల, ఒంట్లో బాగోని రోజులు, ఇంట్లో చెల్లో తమ్ముడో పుట్టిన సమయం, వీటిలో అస్సలు తగ్గించొద్దు. డైపరు మాన్పించే పని జరుగుతుంటే అది పూర్తిగా కుదిరేదాకా ఆగండి.

ఇంకొక మోసం ఉంది. లోపల రాయిలా గడ్డకట్టాక దాని పక్కనుంచి పల్చటిది కారుతుంది. రోజుకి నాలుగైదుసార్లు చెడ్డీకి అంటుకుంటుంది. "విరేచనాలు పట్టుకున్నాయి, మందు ఎక్కువైంది" అని పొడి ఆపేస్తారు. కొందరైతే మెడికల్ షాపులో అడిగి విరేచనాలు కట్టే మందు వేస్తారు. ఉన్న తలుపుకి ఇంకో తాళం వేసినట్టే. అలా కారుతుంటే మందు ఆపకుండా డాక్టరుకి ఫోన్ చేయండి. గడ్డ ఉందని తేలితే ముందు దాన్ని ఖాళీ చేయించాలి. ఎక్కువ మోతాదులో కొన్ని రోజులు ఇస్తారు. ఆ రోజుల్లో ఇల్లంతా ఆగమాగం అవుతుంది. ఆర్కే బీచికీ పెళ్ళికీ వెళ్ళే ప్రోగ్రాం పెట్టుకోకండి.

కూర్చోబెట్టడం

మన అమ్మమ్మలు నేల మీద కాళ్ళు చాపి కూర్చుని, రెండు పాదాల మీద పిల్లని కూర్చోబెట్టుకునేవాళ్ళు. మోకాళ్ళు పొట్టకి దగ్గరగా, పాదాలు నేలకి ఆని, వీపుకి అమ్మ కాళ్ళ ఆసరా. దానికి మించిన ఆసనం లేదు. కమోడ్ మీద కూర్చోబెడితే కాళ్ళు గాల్లో వేలాడతాయి, పిల్ల పడిపోతానని బిగుసుకుంటుంది. కాళ్ళ కింద పీట వేయండి, మోకాళ్ళు నడుముకంటే పైకి రావాలి.

తిన్నాక పేగు తనంతట తాను కదులుతుంది. అందుకని టిఫినయ్యాక, రాత్రి అన్నమయ్యాక ఐదు నిమిషాలు. అంతే. వచ్చినా రాకపోయినా లేపేయండి. అరగంట కూర్చోబెట్టి ఫోన్‌లో బొమ్మలు చూపించడం కూడా శిక్షే, కాకపోతే తీపి శిక్ష.

నొప్పి ఉన్నన్నాళ్ళూ డైపర్ మాన్పించే ప్రయత్నం చేయకండి. డైపర్లోనే వెళ్తానంటే వెళ్ళనివ్వండి. ఎక్కడ వెళ్ళిందన్నది తర్వాత, ముందు నొప్పి లేకుండా వెళ్ళనివ్వండి.

తిండి

తిండి గురించి రెండు మాటలు చాలు. పాలు రోజుకి అర లీటరు దాటనివ్వకండి. పాలసీసాతో పొట్ట నింపేసి అన్నం తినట్లేదనే ఇళ్ళే ఎక్కువ. మూడేళ్ళ పిల్లకి పీచు రోజుకి 8 గ్రాములుంటే చాలు, దానికి పొడులు కొనక్కర్లేదు. రైతు బజార్లో దొరికే జామపండు గింజలు తీసి, బొప్పాయి, ముంజలు, మామిడిపండు, పప్పులో తోటకూర. చోడి (రాగి) అంబలి మంచిదే. వీటన్నిటితోపాటు మందు. ఇవి పెడుతున్నాం కదా అని మందు మానడం కాదు. కొద్దిమంది పిల్లలకి ఆవుపాలు, గేదెపాలలోని ప్రొటీన్ పడక కూడా ఇలా అవుతుంది. అదేనా కాదా డాక్టరు తేల్చాలి, మీ అంతట మీరు పాలు మొత్తం మాన్పించకండి.

ఇక మిగతావి వరసగా చెప్పేస్తాను, ఓపిక అయిపోతోంది.

ముక్కు మూసి, పడుకోబెట్టి ఏదీ పోయకండి. ఆముదం అసలే వద్దు.

తమలపాకు కాడ, సబ్బు ముక్క, వేలు, ఏదీ లోపల పెట్టకండి. సబ్బు లోపలి పొరని కాలుస్తుంది, పిల్లకి ఆ భయం ఇంకా పెరుగుతుంది.

మెడికల్ షాపులో దొరికే ఎనిమా ప్యాకెట్ తెచ్చి ఇంట్లో ఎక్కించకండి. ఫాస్ఫేట్ ఎనిమాతో రెండేళ్ళలోపు పిల్లల ఒంట్లో లవణాలు తారుమారై ప్రాణం మీదికి వస్తుంది.

పెద్దవాళ్ళ విరేచనాల మాత్ర సగం చేసి వేయడం వద్దు.

ఇసబ్‌గోల్ చంటిపిల్లలకి మీ అంతట మీరు ఇవ్వకండి. నీళ్ళు చాలకపోతే లోపలే ఉబ్బి అడ్డం పడుతుంది.

ఏడాదిలోపు పిల్లకి తేనె నాకించకండి.

పొడి ఎన్ని నీళ్ళలో కలపమన్నారో అన్ని నీళ్ళలోనే కలపండి. చెంచాలో పొడిగా పెట్టకండి.

పక్కింటి పిల్లకి రాసిన మోతాదు మీ పిల్లకి కాదు. బరువుని బట్టి ఉంటుంది.

చెడ్డీ పాడైతే కొట్టకండి. చుట్టాల ముందు చెప్పి నవ్వకండి. వాళ్ళకి తెలిసి చేసేది కాదు.

మంటగా ఉంటే గోరువెచ్చటి నీళ్ళ టబ్బులో పది నిమిషాలు కూర్చోబెట్టండి, పైపైన కొబ్బరినూనె రాయండి. వాసనల వైప్స్ వాడకండి.

ప్లేస్కూల్లో చేర్చేముందు ఆయాని కలిసి చెప్పండి: అడిగిన వెంటనే పంపాలి, కసరకూడదు. అక్కడి బాత్రూం మీరే ఒకసారి చూసి రండి.

క్యాలెండర్ మీద రోజూ గుర్తు పెట్టండి: వెళ్ళిందా, గట్టిగానా మెత్తగానా, ఏడ్చిందా. "మొన్నే వెళ్ళిందనుకుంటా" అనే సమాధానంతో డాక్టరు ఏమీ చేయలేరు.

మందు ఆపకండి.

ఆకుపచ్చగా వాంతులైతే, పొట్ట ఉబ్బి గట్టిపడితే, జ్వరం కూడా ఉంటే తెల్లారేదాకా ఆగకండి. విశాఖలో అయితే కేజీహెచ్‌కో (కింగ్ జార్జ్ ఆసుపత్రి), దగ్గర్లో పిల్లల డాక్టరున్న ఆసుపత్రికో అప్పుడే వెళ్ళండి.

పుట్టాక మొదటి నల్లటి దొడ్డి 48 గంటలు దాటాక వచ్చిందా? బాధ మొదటి నెల నుంచే ఉందా? దొడ్డి రిబ్బన్‌లా సన్నగా వస్తోందా? బరువు పెరగట్లేదా? నడుం కింద గుంటగానీ వెంట్రుకల కుచ్చుగానీ ఉందా, నడకలో తేడా ఉందా? వీటిలో ఏ ఒక్కటున్నా అది మామూలు మలబద్ధకం కాకపోవచ్చు. అడిగేదాకా ఆగకుండా డాక్టరుకి మీరే చెప్పండి.

డబ్బా అడుక్కి వచ్చిందేమో ఇప్పుడే లేచి చూడండి. ఆదివారం సాయంత్రం పొడి అయిపోయి, షాపు మూసుండి, సోమ మంగళవారాలు తెద్దాంలే అనుకుని, "అయినా బాగానే వెళ్తోందిగా" అని ఊరుకున్న ఇళ్ళు నాకు చాలా తెలుసు.